ట్రక్కు బోల్తా పడ్డాక మొదటి వారం

జిల్లా పేజీలో ఆ వార్త ఎప్పుడు చదివినా ఒకే వాక్యంతో ముగుస్తుంది: "క్షతగాత్రులను ఆస్పత్రికి తరలించారు, పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు." మిరప కోతల రోజుల్లో మా పల్నాడులోనూ, నాట్ల రోజుల్లో సాగర్ ఆయకట్టు ఊళ్లలోనూ కూలీలతో వెళ్తున్న ట్రాక్టరు బోల్తా పడిందన్న వార్త లేకుండా ఒక్క సీజను గడిచినట్టు నాకు గుర్తు లేదు. 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర ట్రాక్టరు కాలువలో పడి 9 మంది మహిళా కూలీలు చనిపోయారు. అదే ఏడాది జూన్‌లో యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర అలాంటి ప్రమాదంలోనే 15 మంది పోయారు. 2025 ఫిబ్రవరిలో మా పక్కనే ముప్పాళ్ల మండలంలో మిరప కోతకు వెళ్లి వస్తున్న ట్రాక్టరు తిరగబడి నలుగురు ఆడవాళ్లు ఇంటికి చేరలేదు.

మరణాలు ఎక్కువగా ఉంటే మంత్రులు వస్తారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు, వారం రోజులు ఆ ఊరి పేరు పత్రికల్లో ఉంటుంది. అదే ట్రక్కులో, అంటే ట్రాక్టరు వెనక తగిలించే తొట్టిలో కూర్చుని, తుంటి విరిగో చేయి నలిగో బతికి బయటపడ్డవాళ్ల సంగతి మాత్రం వార్తలోని ఆ చివరి వాక్యం దగ్గరే ఆగిపోతుంది. నేను రాయదలచుకున్నది వాళ్ల గురించి. గాయపడ్డవాళ్లకు చట్టంలో పరిహారం ఉంది, ఆడవాళ్లకైతే ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయమూ ఉంది. అయితే ఆ సహాయం జిల్లా కోర్టు ఆవరణలో ఒక గదిలో కూర్చుని, వీళ్లు వచ్చి దరఖాస్తు పెట్టుకునేదాకా ఎదురుచూస్తుంది. ఈలోగా కేసు సగం తేలిపోతుంది. మొదటి వారంలో ఆస్పత్రి మంచం పక్కకు రాని న్యాయ సహాయం ఆ తర్వాత ఎంత గొప్పగా వాదించినా పోయినదాన్ని తిరిగి తేలేదని, ఒక కేసును ఆరేళ్లు దగ్గరుండి చూశాక నాకు గట్టిగా అనిపిస్తోంది.

అక్క చెప్పిన అబద్ధం

2019 ఫిబ్రవరిలో మా పెద్దమ్మ కూతురు మిరపకాయలు కోసి వస్తుండగా కాలువ గట్టు మీద ట్రాక్టరు ఒరిగి ట్రక్కు తిరగబడింది. ఆమెకు తుంటి ఎముక విరిగింది, కుడి మణికట్టు నలిగిపోయింది. నేను ఆస్పత్రికి చేరేసరికి ఆమె కళ్లు రెండూ వాచి ఎర్రగా ఉన్నాయి. తలకు కూడా దెబ్బ తగిలిందేమోనని భయపడ్డాను. పొద్దుటి నుంచి కాయలు కోసిన చేత్తోనే కన్నీళ్లు తుడుచుకుంటూ ఉండటం వల్ల ఆ ఘాటు కళ్లకు ఎక్కిందని నర్సు చెప్పింది.

మంచానికి తగిలించిన కేస్ షీటులో "ఇంటి మెట్ల మీద నుంచి జారిపడినట్టు" అన్న అర్థం వచ్చేలా ఇంగ్లీషులో ఒక ముక్క రాసి ఉంది. అది డాక్టరు పొరపాటని అనుకున్నాను. కాదు, అక్కే అలా చెప్పింది. ట్రాక్టరు యజమాని చెడ్డవాడేమీ కాదు, ఆమెను తన కారులో ఆస్పత్రికి తెచ్చిందీ, అడ్వాన్సు కట్టిందీ ఆయనే. మంచం పక్కనే నిలబడి, "ట్రాక్టరు పేరు బయటికి రానీయొద్దమ్మా, డ్రైవరు లైసెన్సు రెన్యువల్ కూడా చేయించలేదు, ఎంత ఖర్చయినా నేను చూసుకుంటాను" అన్నాడు. అక్క సరేనంది. నేను గొడవ పడితే, "కేసులెందుకురా తమ్ముడూ, రేపు లేచి మళ్లీ వాళ్ల చేలోకే పోవాలిగా" అంది.

మొదటి ఆపరేషనుతో ఆయన దగ్గర డబ్బు అయిపోయింది. రెండోది చేయకపోతే కాలు పొట్టిదవుతుందన్నారు. అప్పుడు, పన్నెండో రోజున, స్టేషనుకు వెళ్లి ఫిర్యాదు ఇచ్చాం. నాలుగేళ్ల తర్వాత మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్లో ఇన్సూరెన్సు కంపెనీ న్యాయవాది క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగిన మొట్టమొదటి ప్రశ్న, "మెట్ల మీద నుంచి పడ్డానని డాక్టరుకు చెప్పింది మీరేనా, కాదా?" అనే. "నేనే చెప్పానయ్యా" అంది అక్క, తల దించుకుని. అదే ట్రక్కులో ఉండి గాయపడ్డ మిగతావాళ్ల రికార్డులూ, పోలీసుల ఛార్జిషీటూ ఉన్నాయి గనుక ట్రిబ్యునల్ ప్రమాదం జరిగిందని నమ్మింది. ఆ ఒక్క ముక్కకు జవాబు చెప్పుకోవడానికే సాక్షులు, వాయిదాలు, ఏళ్లు ఖర్చయ్యాయి.

మొదటి రోజున ఎవరైనా వచ్చి నాలుగు మాటలు చెప్పి ఉంటే చాలేది. జరిగింది జరిగినట్టు డాక్టరుకు చెప్పమనీ, పోలీసులకు తెలియజేయాల్సిన మెడికో లీగల్ కేసుగా రాయించమనీ, ట్రాక్టరుకూ ట్రక్కుకూ రిజిస్ట్రేషన్ నంబర్లు వేర్వేరుగా ఉంటాయి గనుక రెండింటికీ ఫొటోలు తీసి పెట్టుకోమనీ, తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయొద్దనీ. వీటికి సీనియర్ న్యాయవాది అక్కర్లేదు. న్యాయ సహాయంలో శిక్షణ పొందిన పారాలీగల్ వాలంటీరు ఒక్కరు, పెద్దాస్పత్రి ఎముకల వార్డులో రోజూ ఒక గంట తిరిగితే సరిపోతుంది.

కాగితం మీద మారింది, వార్డులో మారలేదు

అప్పటికీ ఇప్పటికీ చట్టం మారిందన్న మాట నిజం. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో ట్రిబ్యునల్‌కూ ఇన్సూరెన్సు కంపెనీకీ మొదటి ప్రమాద నివేదిక పంపాలి. 10 రోజుల్లో బాధితుల హక్కులేమిటో, కేసు ఏ దశలో ఎలా నడుస్తుందో తెలిపే రెండో నంబరు ఫారాన్ని గాయపడ్డవాళ్ల చేతికివ్వాలి. 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో సవివర నివేదిక ట్రిబ్యునల్‌కు చేరాలి. ఆ నివేదికనే క్లెయిము దరఖాస్తుగా తీసుకోవాలని మోటారు వాహనాల చట్టంలోని 166వ సెక్షను చెబుతోంది. ఇవన్నీ తప్పకుండా అమలు చేయాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు గోహర్ మహమ్మద్ కేసులో వివరంగా ఆదేశించింది. కాబట్టి దీనికి వేరే ఏర్పాటు ఎందుకని ఎవరైనా నన్ను అడగవచ్చు. నేనూ కొంతకాలం అలాగే అనుకున్నాను.

ఈ కోతల కాలంలో మా దగ్గర మరో ట్రాక్టరు పడింది. అందులో ఉన్నవాళ్లు కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి వలస వచ్చినవాళ్లు. పత్తి, మిరప కోతలకు ఏటా పిల్లలతో సహా వచ్చి పొలాల్లో డేరాలు వేసుకుంటారు. వాళ్లను చూడటానికి ఆస్పత్రికి వెళ్లినప్పుడు, రెండో నంబరు ఫారం మనసులో పెట్టుకుని, పోలీసులు ఏమైనా కాగితం ఇచ్చారా అని ఒకామెను అడిగాను. ప్రమాదం జరిగి అప్పటికి పదిహేను రోజులు. "యాడిదన్నా, ఏలిముద్ర ఏయించుకొని పోయినారు, అంతే" అంది. కాలికి కట్టు ఊడదీశాక ఊరికి వెళ్లిపోతామనీ, మళ్లీ మళ్లీ ఇక్కడి కోర్టుకు రావడం తమ వల్ల కాదనీ చెప్పింది. ప్రమాదం ఎక్కడ జరిగినా, తాము నివసించే చోటి ట్రిబ్యునల్లో క్లెయిము వేసుకునే వీలు చట్టంలోనే ఉంది. ఆదోనిలో కేసు వేసుకోవచ్చన్న ఆ ఒక్క వాక్యం ఆమెకు చెప్పినవాళ్లు లేరు.

కేసు వేయడానికి ఆరు నెలల గడువు కూడా 2022లోనే తిరిగి వచ్చింది. అంతకుముందు దాదాపు ముప్పై ఏళ్లు అలాంటి గడువే లేదు. గడువు దాటిందన్న కారణంతో క్లెయిములను కొట్టేయవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది గనుక ప్రస్తుతానికి కాస్త ఊపిరి ఆడుతోంది. అయినా తుంటి విరిగిన మనిషికి ఆరు నెలలంటే ఎంతని? అందులో మూడు నెలలు మంచం మీదే గడిచిపోతాయి. ఇక 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు 7 రోజుల వరకు, లక్షన్నర రూపాయలకు మించకుండా నగదు లేని చికిత్స పథకం ఉంది. మెట్ల మీద నుంచి పడ్డానని చెప్పినవాళ్లకు అది కూడా దక్కదు.

ట్రాక్టరుకు ఒకటే సీటు

ట్రాక్టరు పొలం కోసం తయారైన యంత్రం. ఎత్తు ఎక్కువ, బరువంతా పైకి ఉంటుంది, గట్టు అంచున ఒక చక్రం జారితే చాలు, ఒరిగిపోతుంది. కుడి చక్రానికీ ఎడమ చక్రానికీ వేర్వేరు బ్రేకు పెడళ్లు ఉంటాయి. దుక్కిలో మలుపు తిప్పడానికి అది సౌకర్యం. రోడ్డెక్కేముందు రెండు పెడళ్లనూ కలిపే చిన్న ఇనుప కొక్కెం వేయాలి. అది మరిచిపోయి గట్టిగా బ్రేకు తొక్కితే ఒక పక్క చక్రమే పట్టుకుని బండి అడ్డం తిరుగుతుంది. వెనక ట్రక్కులకు చాలావాటికి బ్రేకులే ఉండవు. ఇంజను పక్కన మడ్‌గార్డుల మీద ఇద్దరు ముగ్గురు, ట్రక్కులో ఇరవై మంది కూర్చుంటారు. పొలాలకు బస్సు వెళ్లదు, ఆటోకు మేస్త్రి డబ్బులివ్వడు, వాళ్లు వేరే దేనిలో వెళ్తారు?

ఇన్సూరెన్సు కంపెనీల వాదనకు మూలం కూడా ఈ ఒక్క సీటే. ట్రాక్టరులో డ్రైవరుకు తప్ప ఎవరికీ సీటు లేదు, పాలసీ వ్యవసాయ పనికి తీసుకున్నది, ట్రక్కులో కూర్చున్నవాళ్లు ఉచిత ప్రయాణికులు, కాబట్టి మాకు బాధ్యత లేదు అంటాయి. సరుకు రవాణా బండిలో ఎక్కిన ఉచిత ప్రయాణికుల విషయంలో ఇన్సూరెన్సు కంపెనీకి బాధ్యత ఉండదని 2002లో ఆశారాణి కేసులోనూ, 2004లో బల్జీత్ కౌర్ కేసులోనూ సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పును తప్పుపట్టేంత చదువు నాకు లేదు. ప్రీమియం కట్టని ప్రమాదానికి కంపెనీ ఎందుకు కట్టాలన్న ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ పొద్దున్నే ఐదింటికి మేస్త్రి పిలిస్తే, తన కూలి పని కోసం, ఎక్కమన్న బండి ఎక్కిన మనిషిని ఉచిత ప్రయాణికురాలు అంటుంటే, కోర్టు హాల్లో అక్క పక్కన కూర్చుని వినడం నాకు చాలా కష్టమైంది. ఆ ప్రయాణం ఆమె పనిలో భాగం. పని లేకపోతే ఆమె ఆ ట్రక్కు ఎక్కదు.

కోర్టులు దీనికి ఒక దారి కనిపెట్టాయి. కంపెనీ ముందు బాధితులకు డబ్బు కట్టి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవాలి. 2007లో బ్రిజ్ మోహన్ కేసులో మట్టి ట్రాక్టరు మీద వెళ్తూ గాయపడ్డ కూలీ విషయంలోనూ, 2018లో శివరాజ్ కేసులో ట్రాక్టరు మీద ప్రయాణించిన వ్యక్తి విషయంలోనూ సుప్రీంకోర్టు కంపెనీకి బాధ్యత లేదంటూనే ఈ ఆదేశం ఇచ్చింది. అయితే అది దానంతట అదే వచ్చేది కాదు, అడగాలి, ఆ తీర్పులు ట్రిబ్యునల్ ముందు పెట్టాలి. మా న్యాయవాది మొదటి పిటిషనులో ఆ ప్రస్తావనే చేయలేదు. ఇంకో న్యాయవాది చెబితే తర్వాత సవరణ వేశారు.

ఇంకో దారి కూడా ఉంది. గాయపడ్డ మనిషి ఆ యజమాని దగ్గర కూలికి వెళ్లినట్టు రుజువైతే, ఉద్యోగ ప్రమాద పరిహారం కింద కార్మిక శాఖ అధికారి ముందుకు వెళ్లవచ్చు. అక్కడ డ్రైవరు నిర్లక్ష్యాన్ని రుజువు చేయాల్సిన పని ఉండదు. దమ్ము చేస్తుండగా ఇనుప చక్రాలు బురదలో దిగబడి, ముందు భాగం లేచి, వెనక్కి తిరగబడిన ట్రాక్టరు కింద నలిగే జీతం డ్రైవర్లకు చాలాసార్లు అదొక్కటే దారి, ఎందుకంటే తన తప్పుకు తానే పరిహారం అడిగే వీలు మోటారు ట్రిబ్యునల్లో ఉండదు. మిగతావాళ్లు రెండు దారుల్లో ఒకటే ఎంచుకోవాలి, ఒకసారి ఎంచుకుంటే వెనక్కి రావడం కుదరదు. ఎవరికి ఏది మేలో చెప్పగల మనిషి మొదట్లోనే కావాలి.

తుంటికి ఎంత, బతుకుకు ఎంత

ప్రమాదం నాటికి అక్కకు 37 ఏళ్లు. ఆ వయసుకు సుప్రీంకోర్టు సరళా వర్మ తీర్పు ప్రకారం గుణకం, అంటే ఏడాది ఆదాయాన్ని హెచ్చవేయాల్సిన అంకె, 15. నెలకు 6,000 రూపాయల ఆదాయంగా ట్రిబ్యునల్ లెక్కవేసింది. భవిష్యత్తులో పెరిగే ఆదాయాన్ని పక్కనపెడితే మొత్తం 10,80,000 అవుతుంది. వైకల్యం 25 శాతం అని డాక్టరు ఇచ్చిన ధ్రువపత్రాన్ని ఉన్నదున్నట్టు తీసుకున్నారు గనుక సంపాదన నష్టం కింద వచ్చింది 2,70,000. కానీ ఆ పావు వంతు ఆమె శరీరానికి సంబంధించిన లెక్క. మిరప చేలో పొద్దంతా నడుం వంచి నిలబడాలి, కలుపు తీయాలంటే గొంతుకూర్చోవాలి. ఆ రెండూ ఆమెకు ఇక ఈ జన్మలో కుదరవు. మజ్జిగ చెంబు కూడా ఎడమ చేత్తో ఆసరా పెడితేనే నోటిదాకా వస్తుంది.

2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను అందరికీ అర్థమయ్యేలా చెప్పింది. ఎడమ చేయి పోతే శరీర వైకల్యం 60 శాతం కావచ్చు. అదే మనిషి డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన నష్టం దాదాపు నూటికి నూరు, ప్రభుత్వాఫీసులో గుమాస్తా అయితే అంత ఉండదు. మా కేసులో 60 శాతం సంపాదన నష్టమని రుజువు చేసి ఉంటే 6,48,000 వచ్చేది. రుజువు చేయాలంటే ఆమె ఏ పని చేసేదో, ఆ పనికి ఏ అవయవం ఎలా కావాలో డాక్టరు చేత సాక్ష్యం చెప్పించాలి. డాక్టరును పిలిపించే దరఖాస్తు వేయనే లేదు. కూలివాళ్లకు జీతం చీటీ ఉండదన్న వంక కూడా నిలబడదు. 2011లో రామచంద్రప్ప కేసులో కాగితం లేని కూలీ చెప్పిన ఆదాయాన్ని సుప్రీంకోర్టు నమ్మింది. మేస్త్రి దగ్గర హాజరు పుస్తకం ఉంది. మా వాళ్లలో ఎవరికీ దాన్ని అడగాలని తోచలేదు. తోచేసరికి ఆ పుస్తకం చిత్తుకాగితాల్లో పోయింది.

నన్ను ఆపిన సందేహాలు

ఆస్పత్రికి న్యాయ సహాయం వెళ్లాలనడంలో ఒక ప్రమాదం ఉందని నాకు తెలుసు. వార్డుల్లో ఇప్పటికే కొందరు తిరుగుతున్నారు. గాయం చూసి, ఫోను నంబరు తీసుకుని, వచ్చే పరిహారంలో ఇంత వాటా అని మాట్లాడుకునే మధ్యవర్తులు వాళ్లు. న్యాయవాదులు ఇలా కేసులు వెతుక్కుంటూ వెళ్లకూడదనీ, గెలిచిన సొమ్ములో వాటా తీసుకోకూడదనీ బార్ కౌన్సిల్ నియమాలు నిషేధిస్తున్నాయి. ఉత్తరప్రదేశ్‌లో బోగస్ క్లెయిముల మీద ప్రత్యేక దర్యాప్తు బృందమే వేయాల్సి వచ్చింది. కానీ ఆ వార్డు ఖాళీగా ఉంది గనుకనే వాళ్లు దూరారు. ప్రభుత్వం తరఫున, రూపాయి తీసుకోకుండా, సంతకం పెట్టిన రిజిస్టరుతో ఒక వాలంటీరు వస్తే ముందు వెళ్లిపోయేది ఆ మధ్యవర్తులే. 15100కు ఫోను చేస్తే న్యాయ సేవాధికార సంస్థ పలుకుతుందని గోడమీద రాసి ఉంటుంది. మణికట్టు నలిగిన మనిషి, ఇంగ్లీషులో రాసిన బోర్డు చదివి, ఫోను చేయాలని మనం అనుకుంటున్నాం.

అమెరికాలో ఉన్న మా బావతో మాట్లాడినప్పుడు అక్కడ ఇసుక తిన్నెల మీదా కొండదారుల్లోనూ నడిపే చిన్న బండ్లు తిరగబడితే న్యాయవాదులు బహిరంగంగా ప్రకటనలు ఇస్తారనీ, గెలిస్తేనే ఫీజు అన్న ఒప్పందం అక్కడ చట్టబద్ధమేననీ చెప్పాడు. ఆ పద్ధతి మనకు కావాలని నేను అనను. అయితే అక్కడ బండి తయారుచేసిన కంపెనీని కూడా ప్రశ్నిస్తారు. 2009లో యమహా రైనో బండ్లు తిరగబడుతున్నాయని వినియోగదారుల భద్రతా సంస్థతో కలిసి ఆ కంపెనీ ఉచితంగా మరమ్మతులు చేయాల్సి వచ్చింది. ట్రాక్టరు మీద డ్రైవరును కాపాడే ఇనుప చట్రాన్ని స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు తప్పనిసరి చేసింది. మన దేశంలో తయారై అమెరికాకు ఎగుమతయ్యే ట్రాక్టర్లకు ఆ చట్రం ఉంటుంది. మా ఊరి ట్రాక్టర్లలో ఒక్కదానికీ నేను చూడలేదు. 2019 వినియోగదారుల చట్టంలో ఉత్పత్తిదారుడి బాధ్యత మీద ఒక అధ్యాయమే ఉన్నా, ఏ ట్రాక్టరు కేసులోనూ ఆ ప్రశ్న నా చెవిన పడలేదు.

రెండో సందేహానికి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. అది ట్రాక్టరు యజమాని సంగతి. ఆయనకు ఉన్నది రెండెకరాలు, ట్రాక్టరు అప్పు మీద కొన్నది. తీసుకున్న పాలసీలో ట్రక్కు చేరి ఉందో లేదో, కూలీలకు అదనంగా ప్రీమియం కట్టాలో లేదో ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆయన చదివించుకోనూ లేదు. మొదటి వారంలో న్యాయం తెలిసిన మనిషి వచ్చి ఉంటే ఆయనకూ ఒక మాట చెప్పేవాడు. నిజం దాచితే తన భారం తగ్గదనీ, పెరుగుతుందనీ. ఆస్పత్రి అప్పులు, రెండో ఆపరేషను, నాలుగేళ్ల వడ్డీ, ఇవన్నీ దాచిన ఆ పన్నెండు రోజుల నుంచి మొదలయ్యాయని నేను ఆయనకు ఒకసారి చెప్పబోయాను. ఆయన వింటూ ఊరుకున్నాడు.

సంపాదన నష్టం, ఖర్చులు అన్నీ కలిపి నాలుగు లక్షల పైచిలుకు, దాని మీద వడ్డీ, ముందు కంపెనీ కట్టి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవాలని 2023లో ట్రిబ్యునల్ తీర్పు ఇచ్చింది. కంపెనీ కట్టింది. మరుసటి ఏడాది ఆయన మీద వసూలు పిటిషను వేసింది. ఆయన ట్రాక్టరు అమ్మేశాడు, ఇప్పుడు వేరేవాళ్ల బండికి జీతానికి వెళ్తున్నాడు. ఆయన ఇల్లు మా వీధి మలుపులోనే. అక్క రేషను షాపుకు ఆ మలుపు మీదుగా వెళ్లడం మానేసి, చేతికర్ర పట్టుకుని, చెరువు గట్టు చుట్టూ తిరిగి వెళ్తోంది.